పడవలొగ్గీండి

ప్రమాదం ముంచుకొచ్చినప్పుడు మోగే యంత్రాన్ని తయారుచేసేవాళ్ళు, అది మోగితే పరుగెత్తవలసినవాళ్ళను ముందుగా ఒక్క మాటైనా ఎందుకు అడగరు?

నాలుగేళ్ళుగా ఈ ప్రశ్న అడుగుతున్నాను. రెండుసార్లు హైదరాబాదుకు రిజిస్టరు పోస్టులో పంపాను. అందినట్టు సంతకాలు చేసిన కార్డులు తిరిగి వచ్చాయి. జవాబు రాలేదు. జవాబు చెప్పవలసినవాళ్ళలో నేనూ ఒకతెను. కనుక 1985 జూన్ నుంచి అక్టోబరు వరకు మా ఇంటి వరండాలోనూ, మా ఇంటికి నాలుగు మైళ్ళ దూరాన సముద్రపుటొడ్డున ఉన్న నూకాలమ్మపాలెంలోనూ జరిగినదాన్ని, నా తప్పుతో సహా, వరసగా చెబుతాను.

అప్పటికి పద్దెనిమిదేళ్ళుగా నేను విశాఖపట్నంలో ఒక మహిళా కళాశాలలో తెలుగు చెబుతున్నాను. క్రైస్తవుల ఇంటి ఆడపిల్లకు ఛందస్సు ఎలా పట్టుబడుతుందమ్మా అని ఇంటర్వ్యూలో ఒక పెద్దాయన నవ్వాడు. ఆ నవ్వును నేను మరిచిపోలేదు. ఆ తరవాత నా కలం నుంచి ఒక్క సంధి తప్పు కూడా జారలేదు. తగరపువలస నుంచీ భీమునిపట్నం నుంచీ వచ్చే పిల్లలు వ్యాసాల్లో ‘ఒగ్గేసి’ అని రాస్తే ఎర్రసిరాతో కొట్టేసి, పైన ‘విడిచిపెట్టి’ అని దిద్దేదాన్ని. ఏడాదికి ఒక బుడ్డి ఎర్రసిరా ఖర్చయ్యేది. నా భర్త సుందర్ రాజ్ పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పేవారు. పాడైపోయిన వస్తువంటే ఆయనకు జాలి. వీధిలో ఎవరి రేడియో మూగబోయినా మా వరండాకే చేరేది.

ఆ వరండాకు పదకొండేళ్ళుగా వస్తున్న మరో మనిషి చిలకమ్మ. నూకాలమ్మపాలెం నుంచి చేపల గంప నెత్తిన పెట్టుకుని మొదటి బస్సులో దిగేది. జూన్ రెండో వారంలో మూడు రోజులు రాలేదు. నాలుగో రోజు గంప లేకుండా వచ్చి గుమ్మం దగ్గర కూర్చుంది. కళ్ళు వాచి, రెప్పలు సగమే తెరుచుకుంటున్నాయి.

వాళ్ళ పాలేనికి పడమటి వైపు ఒక కంపెనీ ఉంది. అమ్మోనియాను పెద్ద పెద్ద ట్యాంకుల్లో నిలవచేస్తారు. ఒక సాయంత్రం ఏదో బిరడా సరిగా బిగియక అరగంట సేపు గ్యాసు పాలెం మీదికి వచ్చింది. తొమ్మిదిమంది ఆసుపత్రిలో పడ్డారు. వాళ్ళలో చిలకమ్మ భర్త దాలయ్య ఒకడు.

“కళ్ళల్లో కారం కొట్టినట్టయిందమ్మగోరూ,” అంది. “మా ముసిలోడికింకా ఊపిరాడతన్నేదు. సేపలు తెత్తానులెండి, సోమారం నుంచి.”

చేపలు తేలేదని ఆమె నాకు సంజాయిషీ చెప్పుకుంటోంది. భోపాల్ జరిగి అప్పటికి ఆరు నెలలు.

పది రోజుల్లో ప్రభుత్వం జిల్లాలో ఒక రక్షణ సంఘం వేసింది. దాని కన్వీనరు శ్రీరామ్మూర్తి గారు ఒక ఆదివారం మా ఇంటికి వచ్చారు. ఆయన చెడ్డవాడు కాదు. ఈ కథలో చెడ్డవాళ్ళు దొరికితే నాకు సుఖంగా ఉండేది, దొరకలేదు. జనవరిలో ఆయనను ఒక బృందంతో భోపాల్ పంపారు. పది రోజులు ఉండి వచ్చారు. అక్కడేం చూశారో మాకు చెప్పలేదు. టీ కప్పు రెండు చేతులతో పట్టుకుని, “మాస్టారూ, నాకు ఆరు వారాల్లో ఒక మోత కావాలి,” అన్నారు. గ్యాసు వస్తే దానంతటదే మోగాలి, మోగిన తరవాత ఏం చెయ్యాలో మైకులో తెలుగులో చెప్పాలి. విదేశీ యంత్రం తెప్పించడానికి ఏడాదిన్నర పడుతుందట. “ఏడాదిన్నర మనకెవరిస్తారండీ?”

మా ఆయన ఆ రాత్రే బల్ల సర్దుకున్నారు. ఆయన చేసిన యంత్రం చూడ్డానికి పిల్లల ఆటవస్తువులా ఉండేది. ఒక హార్లిక్స్ సీసాలో శుభ్రమైన నీళ్ళు. చేపల తొట్టెలకు వాడే చిన్న పంపు బయటి గాలిని ఆ నీళ్ళలోంచి బుడగలుగా పంపుతుంది. గాలిలో అమ్మోనియా ఉంటే నీళ్ళలో కరుగుతుంది. కరిగితే ఆ నీళ్ళలో కరెంటు తేలికగా పారుతుంది. పారితే ఒక మీట పడి మోత మొదలవుతుంది. మోత ఆగగానే కాసెట్టు తిరుగుతుంది. నాలుగు వందల రూపాయల లోపు సామాను. ఎండుచేపల వాసనకు మోగకుండా, మనుషుల కళ్ళు మండకముందే మోగేటట్టు హద్దు పెట్టడానికి ఆయనకు మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ మా ఇల్లంతా మూత్రశాల కంపు.

కాసెట్టులో మాట నా వంతు. వారం రోజులు చెక్కాను. చివరికి తయారైనది ఇది:

“హెచ్చరిక. విషవాయువు వ్యాపించుచున్నది. ప్రజలు భయభ్రాంతులు కాక, వాయుగమనమునకు లంబదిశగా సత్వరమే నిష్క్రమింపవలెను.”

శాస్త్రం ప్రకారం ఇందులో ఒక్క అక్షరం తప్పు లేదు. గ్యాసు గాలితోపాటు పోతుంది. గాలికి ఎదురెళితే గ్యాసు పుట్టినచోటికే పోతాం, గాలివాటున పరుగెత్తితే అది మన వెంటే వస్తుంది. కనుక అడ్డంగా తప్పుకోవాలి. పాలేనికి పడమట కంపెనీ, తూర్పున సముద్రం. తెల్లవారుజామున గాలి నేల మీదనుంచి సముద్రం వైపు వీస్తుంది. అడ్డంగా అంటే దక్షిణాన, పాత బంగళా గోడలున్న చిన్న కొండ మీదికి.

శ్రీరామ్మూర్తి గారు చదివి, “ప్రభుత్వం గొంతులా ఉందండీ,” అన్నారు. హైదరాబాదు నుంచి ఆమోదం పన్నెండు రోజుల్లో వచ్చింది. ‘భాషాకోవిదురాలైన ఉపన్యాసకురాలిచే రచింపబడినది’ అని ఫైల్లో రాశారట. అది విని నేను సంతోషించాను. ఇంటర్వ్యూలో నవ్వినాయన బతికుంటే వినవలసిందనుకున్నాను.

కాసెట్టు నా గొంతుతోనే నిండింది. అది వినిపిస్తున్నప్పుడు చిలకమ్మ వరండాలో పండుగప్పకు పొలుసు తీస్తోంది. “ఎలా ఉంది చిలకమ్మా? బాగుందా?” అని అడిగాను.

“బాగుందమ్మా,” అంది. “సర్చిలో సదివినట్టుంది.”

నేను దాన్ని మెప్పుగానే తీసుకున్నాను.

యంత్రాన్ని ఆగస్టులో కంపెనీ ప్రహరీ పక్కన కరెంటు స్తంభానికి బిగించారు. ఒక పరీక్ష జరపాలి. పాలెంవాళ్ళకు ముందు చెప్పాలా వద్దా అన్న దగ్గర మాట తెగలేదు. చెప్పాలన్నారు మా ఆయన. మందిచ్చే డాక్టరైనా రోగికి చెప్పే ఇస్తాడు కదా అని. చెబితే అందరూ అరుగుల మీద నిలబడి తమాషా చూస్తారు, నిజంగా ఏం చేస్తారో మనకెప్పటికీ తెలియదని శ్రీరామ్మూర్తి గారు. ఆయన నావైపు చూశారు.

“పరీక్షలో ఏ ప్రశ్న వస్తుందో ముందే చెబితే అది పరీక్ష కాదు, కంఠస్థం,” అన్నాను.

తూకం ఆ మాటతో ఒరిగింది. పద్దెనిమిదేళ్ళ టీచరు ఉద్యోగంలో నేనన్న మాటల్లో మనుషులు నిజంగా విన్న మాట బహుశా అదొక్కటే.

ఆ మంగళవారం ఉదయం ఆరు గంటలకు ముగ్గురం కంపెనీ నీళ్ళ ట్యాంకు మెట్లెక్కి నిలబడ్డాం. అక్కడినుంచి పాలెం మొత్తం అరచేతిలో ఉన్నట్టు కనిపిస్తుంది. మా ఆయన మనిషొకడు కింద సీసాలో అమ్మోనియా చుక్కలు వేశాడు. మోత లేచింది. నిమిషం తరవాత నా గొంతు, అదే మాట మూడుసార్లు. అంత పెద్దగా నా గొంతును నేనెప్పుడూ వినలేదు.

తలుపులు తెరుచుకున్నాయి. మనుషులు బయటికొచ్చారు. ఒక్క క్షణం ఆగి విన్నారు. నేను దక్షిణం వైపు, కొండదారి వైపు చూస్తున్నాను. అటు ఒక్కరూ రాలేదు.

అందరూ తూర్పుకు పరుగెత్తారు. మగవాళ్ళు, చంటిపిల్లలున్న తల్లులు, ముసలమ్మలు, అంతా కట్టగట్టుకుని ఒడ్డుకు. పడవలకు తాళ్ళు వేశారు. దుంగలు కింద పెట్టి లాగడం మొదలుపెట్టారు. ఒక తాటికి ఇరవైమంది. ఎర్రచీర కొంగు బిగించి ముందు నిలబడినది చిలకమ్మ. ఆమె వెనక దాలయ్య ఒక చేత్తో రొమ్ము అదుముకుని రెండో చేత్తో తాడు పట్టుకున్నాడు. లాగుడు పాట మా దాకా వినిపించింది.

శ్రీరామ్మూర్తి గారు గడియారం చూసుకున్నారు. “పదకొండు నిమిషాలు. పాలెం మొత్తం ఖాళీ,” అన్నారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి నిజమైన నీళ్ళు.

మా ఆయన జేబులోంచి చేతిరుమాలు తీసి, కొసను పట్టుకుని చెయ్యి పైకెత్తారు. అది తూర్పుకు ఎగిరింది. పడవల వైపు. చెయ్యి నొప్పెట్టేదాకా అలాగే పట్టుకుని, మడిచి జేబులో పెట్టుకుని మెట్లు దిగారు.

‘స్పందన సంతృప్తికరము’ అన్న నివేదిక మధ్యాహ్నానికి తయారైంది. అందులో ఒక సంతకం తక్కువ, మా ఆయనది.

మర్నాడు చిలకమ్మ వచ్చింది. గంప దించలేదు.

“నిన్న మీరక్కడున్నారంట గదా, టాంకు మీద.”

ఉన్నానన్నాను.

“మమ్మల్ని కోళ్ళనుకున్నారేటమ్మగోరూ, ఉష్షని అదిలించి ఎటు పరిగెడతాయో సూడ్డానికి?”

ఆమె గొంతు పెంచలేదు. నేను క్షమాపణ వంటిదేదో మొదలుపెట్టి, మధ్యలోనే ఆపి, కొండకు పొమ్మంటే సముద్రానికెందుకు పోయారని అడిగాను. క్షమాపణ కన్నా ఎదురుప్రశ్న వేయడం నాకు సులువు. వృత్తి అలాంటిది.

“వాయుగుండమని మీరే గదా సెప్పినారు.”

“నేను ఆ మాట అనలేదు.”

“మూడుసార్లన్నారు. మీ గొంతు నాకు తెల్దేటి?”

వాయుగమనమునకు. గాలి కొంత తినేసింది, మైకు గరగర కొంత. మిగిలింది ‘వాయుగ’. సముద్రం మీద బతికేవాళ్ళకు ఆ మూడక్షరాల తరవాత వచ్చేది ఒక్కటే. బంగాళాఖాతంలో వాయుగుండమని రేడియో చెప్పగానే పాలెంలో చంటిపిల్ల సహా ఒడ్డుకు పోవాలి. ముందు పడవలు పైకి లాగాలి, ఆ తరవాతే ఇల్లూ వాకిలీ. అది వాళ్ళ కట్టుబాటు. పిల్లల్ని ముందు కాపాడుకోరా అని అడిగితే చిలకమ్మ నన్ను వింతగా చూసింది.

“పిల్లలకి కాళ్ళున్నాయమ్మా. పడవకి కాళ్ళు నేవు గదా.”

“మరి ఆ రోజు నీకు చదివి వినిపించాను కదా చిలకమ్మా, అర్థం కాలేదని ఎందుకు చెప్పలేదు?”

“బాగుందా అనడిగినారు, బాగుందన్నాను. తెలిసిందా అని అడగనేదు గదా.”

గంప దించి ఆమె నీళ్ళు తాగింది. నేను కుర్చీలోంచి లేచి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాను. పదకొండేళ్ళలో అది మొదటిసారి. “అయితే ఎలా చెప్పాలో నువ్వు చెప్పు,” అని కాగితం తీశాను.

తాను ఒక్కర్తీ చెప్పనంది. ముసలాణ్ణి, ఇంకో నలుగుర్ని అడిగి వస్తానంది. ఆ అడగడం మాకు తట్టనిది. శనివారం సాయంత్రం మేమే పాలెం వెళ్ళాం. వలల మధ్య కూర్చుని గంటసేపు వాదించుకున్నారు. గ్యాసంటే వంట గ్యాసనుకుంటారన్నాడొకడు. విషం అనకూడదు, ముసలమ్మలు అక్కడే కూలబడిపోతారంది ఒకామె. వాళ్ళత్తనే చూపించి అంది. ఆ అత్త కోడల్ని నాలుగు తిట్టింది. చివరికి నిలిచింది ఇది:

“అమ్మోనియా కంపు వత్తంది. తుపాను కాదు. పడవలొగ్గీండి. కొండకి పొండి.”

నా కలం ‘ఒగ్గీండి’ దగ్గర ఆగింది. ‘వదిలెయ్యండి’ అందామా అన్నాను. దాలయ్య దగ్గు ఆపుకుని తల అడ్డంగా తిప్పాడు.

“వదిలెయ్యమంటే తాడు వదిలెయ్యమన్నారనుకుంటారమ్మా. తాడు వదిలితే పడవ జారిపోద్ది. ఎవుడూ వదలడు, ఇంకా గట్టిగా పడతాడు. ఒగ్గీడమంటే అది గాదు. దాని కరమకి దాన్నుంచీసి, మనం ఎనక్కి సూడకుండా వచ్చీడం.”

ఎన్ని వందలసార్లు ఆ మాటను ఎర్రసిరాతో కొట్టేశానో నాకు తెలియదు. దానికి సమానార్థకమని నేను పైన రాసిన మాట సమానార్థకం కాదు. పెన్ను మళ్ళీ కాగితం మీద పెట్టి, ఆయన పలికినది పలికినట్టు రాశాను.

చిలకమ్మ గొంతుతో కాసెట్టు నింపాం. చివర్న దాలయ్య దగ్గు పడింది. నేను చెరిపెయ్యమన్నాను. ఉండనీమన్నారు మా ఆయన; చెప్పేది మనిషని తెలుస్తుందట.

శ్రీరామ్మూర్తి గారు దాన్ని రెండుసార్లు విన్నారు. “మా అమ్మ ఇలాగే మాట్లాడేదండీ,” అన్నారు. చేతిరుమాలు సంగతి మా ఆయన చెబితే ఆయన ముఖం పాలిపోయింది. కానీ యంత్రంలో ఉన్న వాక్యం హైదరాబాదులో ఆమోదం పొందిన వాక్యం. దాన్ని మార్చే అధికారం ఆయనకు లేదు. ప్రభుత్వం మైకులో ‘కంపు’ అన్న మాట వస్తే ఎవరు సంతకం పెడతారన్నారు. ఫైలు మళ్ళీ పంపుతానన్నారు. పంపారు కూడా, ఆ రోజే, తన చేత్తో గట్టిగా రాసి. “రెండు నెలలు ఓపిక పట్టండమ్మా.” పాలెంవాళ్ళు నూట నలభై వేలిముద్రలు వేసి జత చేశారు.

ఇక నేను తేల్చుకోలేని ఘట్టం చెప్పాలి. సీసాలో నీళ్ళు మార్చడానికి మా ఆయన ప్రతి శుక్రవారం వెళ్ళేవారు. పెట్టె తాళంచెవి ఆయన దగ్గరే ఉండేది. సెప్టెంబరు మొదట్లో ఒక రోజు బయలుదేరుతూ, “నీళ్ళతోపాటు కాసెట్టు కూడా మార్చేస్తాను పుష్పా. ఎవరికీ తెలియదు,” అన్నారు.

“ఎవరికీ తెలియకుండా అన్న మాట మనం ఇప్పటికి ఒకసారి అన్నాం,” అన్నాను.

చెప్పకుండా చేశామని పాలెంవాళ్ళు కోపగించుకున్నాక మళ్ళీ చెప్పకుండా ఎలా చేస్తామన్నాను. రేపు యంత్రం చెడితే, మధ్యలో ఎవరో ఏదో మార్చారని తెలిస్తే, ఆ మోతను ఇంకెవరూ నమ్మరన్నాను. నా వాదంలో లోపం లేదు. నా వాదాల్లో ఎప్పుడూ లోపం ఉండదు. ఆయన కాసెట్టు బల్ల మీద పెట్టి, ఖాళీ చేతులతో వెళ్ళారు.

దానికి బదులు ప్రతి శనివారం సాయంత్రం పాలెంలో మా టేపురికార్డరు పెట్టి రెండూ వినిపించేవాళ్ళం. ఇదిగో, మోత మోగితే పలికేది ఈ రాత మాట. దానర్థం ఈ నోటి మాట. పిల్లలు దాన్ని ఆట చేసుకున్నారు. ఒకడు నా గొంతుతో ‘నిష్క్రమింపవలెనూ’ అని సాగదీస్తే, మిగతావాళ్ళు ‘ఒగ్గీండి’ అని అరుస్తూ కొండకు పరుగు. నన్ను అచ్చం నాలాగే అనుకరించిన పిల్లకు నేను పెప్పరమెంటు ఇచ్చాను. సెప్టెంబరు చివరికి పాలెంలో ఆ రెండు మాటల ముడి తెలియని మనిషి లేడు.

అక్టోబరులో ఒక గురువారం చిలకమ్మ వెంట ఒక యువకుడు గంప మోసుకొచ్చాడు. ఆమె తమ్ముడు ఎల్లాజీ. వేట కాలానికి భీమునిపట్నం నుంచి సొంత పడవ వేసుకుని ముందురోజే దిగాడు. కొత్త పడవ, పచ్చరంగు ఇంకా వాసనపోలేదట. అక్క గొంతు మైకులో పెట్టే సంగతి విని నవ్వాడు.

“మైకెందుకమ్మా దండగ. మా అక్క అరిత్తే ఈడనుంచి భీమిలి దాకా ఇనిపిత్తది.”

“నోర్ముయ్యొరే,” అంది చిలకమ్మ మురిపెంగా. శనివారం వస్తాం కదా, ఇతనికీ వినిపిద్దామన్నాను. రెండు రోజులే కదా.

శుక్రవారం ఉదయం ఆరూ నలభైకి యంత్రం మోగింది. ఎవరూ చుక్కలు వెయ్యలేదు. నిజంగానే మోగింది, మా ఆయన పెట్టిన హద్దు దగ్గర, కళ్ళు మండకముందే. యంత్రం చెయ్యవలసింది చేసింది. తరవాత నా గొంతు వచ్చింది.

పాలెంలో ఎవరో ‘ఒగ్గీండి’ అని కేకపెట్టారు. మూడు వందల మంది తొమ్మిది నిమిషాల్లో కొండ మీదున్నారు. దాలయ్యను ఇద్దరు ఎత్తుకెళ్ళారు. చిలకమ్మ గోడ దగ్గర నిలబడి తలలు లెక్కపెట్టింది. ఒక తల తగ్గింది.

ఎల్లాజీని ఆ మధ్యాహ్నం ఆసుపత్రిలో చూశాను. రెండు కళ్ళకూ గుడ్డ కట్టి ఉంది. మంచం పక్కన చిలకమ్మ అతని పాదం పట్టుకుని కూర్చుని ఉంది. నేను ఎలా ఉందని డాక్టరును అడుగుతుంటే, అతను తల నావైపు తిప్పాడు.

“మీరేనామ్మా, మైకులో?” అన్నాడు.

నేనేనన్నాను.

“వాయుగుండమన్నారు గదమ్మా. ఒగ్గీండని ఎవరో అరిసినారు, ఏటొగ్గీమన్నారో నాకు తెల్దు. అందరూ కొండకి పోతన్నారు. ఆళ్ళ పడవలు ముందే పైకి నాగేసున్నాయి గదా, అందుకు పోతన్నారనుకున్నాను. నాదొక్కటే కిందుంది. నాగీడానికెల్లినాను.”

అతని గొంతులో నింద లేదు. నాకు అర్థం కాలేదేమోనని వివరంగా చెప్పాడు. ఒక్కడూ ఆరు గజాలు లాగాడట ఆ పడవను.

అతనికి చూపు రాలేదు. ఇప్పుడు నూకాలమ్మపాలెంలోనే ఉంటున్నాడు. వేళ్ళతో తడిమి వలలు కడతాడు. ముళ్ళు గట్టిగా ఉంటాయని పేరు. ఆ పచ్చ పడవను దాలయ్య తోలాడు, తాను బతికున్నంత కాలం.

శ్రీరామ్మూర్తి గారు ఆసుపత్రి గుమ్మం దాకా వచ్చి లోపలికి రాలేక వెళ్ళిపోయారు. సంక్రాంతి తరవాత ఆయనను ఇంకో జిల్లాకు బదిలీ చేశారు. ఫైలు ఫిబ్రవరిలో తిరిగొచ్చింది. ‘ప్రస్తుత పాఠము ప్రామాణికముగ నున్నది, మార్పు అనవసరము.’ ఆ పదాల్లో నాకు ఎక్కడా తప్పు కనబడలేదు. నేను నేర్పిన పిల్లే రాసి ఉండవచ్చు.

సెప్టెంబరులో ఆ శుక్రవారం మా ఆయనను కాసెట్టు మార్చనిచ్చి ఉంటే ఎల్లాజీకి కళ్ళుండేవి. మార్చనివ్వకపోవడం తప్పని నేనింకా అనలేను. ఈ రెండు వాక్యాల్లో ఒకటి రెండోదాన్ని కొట్టివేస్తుందని కొన్నాళ్ళు ఎదురుచూశాను. కొట్టివేయలేదు. మా ఆయన నాతో ఆ సంగతి ఎత్తలేదు. కానీ మా వరండాకు ఇప్పుడు రేడియోలు రావు. వచ్చినవాళ్ళను ఆయన పంపేస్తున్నారు. శనివారం సాయంత్రాలు మాత్రం ఇద్దరం బస్సెక్కి పాలెం వెళతాం. కొత్తగా వచ్చినవాళ్ళెవరైనా ఉన్నారా అని ముందు అడుగుతాం. సీసాలో నీళ్ళు మార్చడానికి శుక్రవారాలు కూడా వెళ్ళివస్తుంటాం. నా ఎర్రసిరా బుడ్డి అడుగంటి ఎండిపోయింది. ఆ తరవాత కొనలేదు.

చిలకమ్మ ఇంకా వస్తుంది. గంప దించకముందే అడుగుతుంది: “ఫైలొచ్చిందేటమ్మగోరూ?” మళ్ళీ రాశానంటాను. ఆ స్తంభం మీద ఈ రోజు ఉదయానికి కూడా ఉన్నది నా గొంతే.

మీ ఊళ్ళోనూ ఒక మోత ఉంటుంది. ఫ్యాక్టరీ గోడ మీదో, ఆనకట్ట మీదో, రేవులోనో. తొందరలో, మంచి ఉద్దేశంతో, బాగా చదువుకున్నవాళ్ళు పెట్టినది. రేపు పొద్దున వెళ్ళి దాని కింద నిలబడండి. అక్కడ బతికే మనిషిని పిలిచి, అది పలికే మాటను వినిపించి, బాగుందా అని కాదు, తెలిసిందా అని అడగండి. తెలియలేదంటే ఎలా చెప్పాలో అడిగి, చెప్పింది చెప్పినట్టు రాసుకుని, మీ పేరూ చిరునామాతో దాని యజమానికి పంపండి. మారేదాకా పంపుతూనే ఉండండి. ఒక్క అక్షరం కూడా దిద్దకండి.